అద్దెకు ఒక కుర్చీ

18 సంవత్సరాలు ఒక పెద్ద కంపెనీలో యంత్రాల వాడుక పుస్తకాలను తెలుగు చేస్తూ గడిపి, కిందటి ఏడు ఆ కొలువుకు స్వస్తి చెప్పాను. చెన్నైలో ఇంటి పట్టున కూర్చుని ఇష్టమైన పుస్తకాలు అనువదించుకోవచ్చునని నా ఆశ. మొదటి నెల స్వర్గమే. రెండవ నెల నుండి ఏదో లోటు. అది జీతం లేని లోటు కాదు. దానికి ముందే సిద్ధపడి ఉన్నాను. ఒక మాటకు సరైన అర్థం తోచక తల పైకెత్తితే, ఎదుట గోడ ఉండేది గాని మనిషి ఉండేవాడు కాదు.

ఈ మాట ఫోనులో విన్న పాత సహోద్యోగి ఒకరు, "పుదుచ్చేరికి రండి, మా సత్రం చూద్దురుగాని" అన్నారు. నాకన్నా మూడేళ్ళ ముందే కంపెనీ నుండి బయటపడి, చిన్న హోటళ్ళ జమాఖర్చులు చూసిపెట్టే వ్యాపారం పెట్టుకున్న మనిషి. ఆయన సత్రమన్నది ఒక ఉమ్మడి కార్యాలయాన్ని. కొత్తగా వ్యాపారం ఆరంభించేవారు, ఈనాటి భాషలో స్టార్టప్‌లవారు, అక్కడ తలా ఒక బల్ల అద్దెకు తీసుకుని ఎవరి పని వారు చేసుకుంటారు. కరెంటు, ఇంటర్నెట్, కాఫీ ఆ అద్దెలోనే.

పుదుచ్చేరిని నిలువునా చీల్చే పెద్ద కాలువకు పడమట, తమిళుల పేటలో ఉన్నదా ఇల్లు. వీధి వైపు పెంకుల వసారా, దాని వెనుక బాటసారులు చతికిలబడేందుకు అరుగులు, లోపల ఆకాశం కనిపించే మండువా. మన కోనసీమ లోగిలిలోకి అడుగుపెట్టినట్లే అనిపించినది. ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన చోట చుట్టూ కంప్యూటర్లు.

ఈ ఏర్పాటుకు కోవర్కింగ్ అన్న పేరు ప్రచారంలోకి తెచ్చినది బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు. ఉద్యోగపు కట్టుబాటు వద్దు, ఒంటరితనమూ వద్దు అనుకుని, 2005లో సాన్‌ఫ్రాన్సిస్కోలో వారానికి రెండు రోజులు ఒక చోటు తీసుకున్నాడు. మొదటి నెల ఒక్క ప్రాణీ రాలేదట! విషయం మాత్రం పాతదే. 17వ శతాబ్ది చివర లండనులో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ గృహంలో నావికులు, వర్తకులు కప్పు కాఫీతో ఓడల బేరాలు సాగించేవారు. లాయిడ్స్ అనే బీమా విపణి పుట్టినది ఆ బల్లల మధ్యనే. ఇక కుర్చీల అద్దెనే మహా వ్యాపారం చేయబోయిన వీవర్క్ విలువ 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లన్నారు. 2023 నవంబరులో అదే కంపెనీ దివాలా చట్టాన్ని ఆశ్రయించినది. ఆ లెక్కలు నాకు అర్థం కావు, అర్థం చేసుకోవాలనీ లేదు.

మిత్రుడు నాకు చూపించినవన్నీ శుభాలే కావు. మండువా తూర్పు వైపు ఒక బల్ల ఖాళీగా ఉన్నది. ఆ బల్లవారు రెండు నెలల కిందట మూతవేసుకుని వెళ్ళిపోయారట. కంపెనీ పేరు అట్ట మీద ఇంకా అంటుకునే ఉన్నది. "మీ సంగతేమిటి?" అని అడిగాను. తన జీతం తాను తీసుకుని ఏడు నెలలైనదనీ, ఇల్లు భార్య బడి ఉద్యోగం మీద నడుస్తున్నదనీ నవ్వుతూనే చెప్పారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇంతలో పక్క బల్ల నుండి ఒక కుర్రవాడు, "ఏవండీ, మీరు తెలుగువారాండీ?" అన్నాడు. యానాం నుండి వచ్చాడు. కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్నా యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే కనుక, కాగితాల పనులకు ఇంత దూరమూ రావలసినదే. కోనసీమ రైతులకు కొబ్బరి దింపు కార్మికులను కుదిర్చిపెట్టే ఫోన్ యాప్ ఒకటి తయారుచేస్తున్నాడు. దాని తెలుగు చూడమన్నాడు. యంత్రం చేసిన అనువాదమది. నెల రోజులు రుసుము లేకుండా వాడి చూడవచ్చునని చెప్పవలసిన చోట "ఉచిత విచారణ, 30 రోజులు" అని ఉన్నది! దింపు మనిషి కోసం ఫోను తీసిన రైతు, తన మీద ఏ కేసు పడినదోనని హడలిపోడూ? "మీ కార్మికుని ఇప్పుడే పుస్తకం చేయండి" అన్నది మరొకటి. ఇద్దరం కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. తర్వాత ఒక్కొక్క మాటే దిద్దుతూ కూర్చున్నాను. "దింపువాళ్ళు ఈ మాట అనరండి" అని అతడు అడ్డుపడడం, నేను వేరొకటి వెదకడం. మూడు గంటలు గడిచినవి. ఏడాది తర్వాత నా ఎదుట గోడ లేదు.

లేచేముందు అతడు, "మీకెంత ఇవ్వమంటారండీ?" అన్నాడు. నోట మాట రాలేదు. 18 ఏళ్ళు నెల తిరిగేసరికి బ్యాంకులో జీతం పడినది గాని, నా వాక్యానికి వెల ఎంతో నేనెన్నడూ చెప్పి ఎరుగను. రేపు చెబుతానన్నాను.

మిత్రుడు పరిహాసంగా, "ఈ ఊరి దుబాసి ఇల్లు చూసి రండి" అన్నారు. మరునాడు పొద్దున్నే రంగపిళ్ళై వీధికి నడిచాను. డూప్లే గవర్నరుగా ఉన్ననాటి ప్రధాన దుబాసి ఆనందరంగ పిళ్ళై భవనం అక్కడ ఇంకా నిలిచి ఉన్నది. 1736 నుండి 1761 దాకా ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. కస్తూరి రంగకవి ఆయన పేరిటనే తెలుగులో 'ఆనందరంగరాట్ఛందము' రచించాడు. దుబాసి అంటే రెండు భాషలవాడు. కాని ఆయన ఉత్త మాటల మారకందారు కాడు. వర్తకుడు, బేరం కుదిర్చే మనిషి. మాటను ఇవతలి ఒడ్డు నుండి అవతలి ఒడ్డుకు చేర్చడానికి ఖరీదు ఉంటుందని, అది అడగడంలో సిగ్గుపడవలసినది లేదని ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేకపోయినదేమో!

తిరిగి వచ్చి కుర్రవాడికి వెల చెప్పాను. పావు వంతు తగ్గించమన్నాడు. తగ్గించలేదు. సాయంత్రం దాకా ఆలోచించి ఒప్పుకున్నాడు.

ఆ డబ్బులోనుండి తూర్పు వైపు బల్లకు ఒక నెల అద్దె కట్టి, ఇంటికి ఫోను చేసి చెప్పాను. బల్ల మీది పాత కంపెనీ పేరును గోటితో గీకి చూశాను. సగమే ఊడి వచ్చినది.