వ్యాయామ శాస్త్రం: డిగ్రీ ఉంది, మెట్లు ఏవీ?

నీట్‌లో సీటు రాలేదు. మళ్లీ ఏడాది పాటు కోచింగ్ ఇప్పించే స్తోమత ఇంట్లో లేదు. అయినా ఆరోగ్య రంగంలోనే ఉండాలన్న కోరిక పోలేదు. ఇలాంటి పిల్లలకు ఈమధ్య వినిపిస్తున్న కొత్త పేరు ఎక్సర్‌సైజ్ సైన్స్, అంటే వ్యాయామ శాస్త్రం. మా ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్ల దాకా ఈ మాట వచ్చింది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి తమ్ముడో చెల్లెలో ఉంటే, ఫీజు కట్టే ముందు ఒకసారి ఇది చదివించండి. మీరు మెయిన్స్‌కు తయారవుతుంటే, జీఎస్ 2లో ఆరోగ్యం, మానవ వనరులు అన్న అంశానికి ఇది పనికొచ్చే ఉదాహరణ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ చదువు దేశానికి చాలా అవసరం. కానీ డిగ్రీ తర్వాత ఎక్కాల్సిన మెట్లు మన దగ్గర ఇంకా కట్టలేదు. కట్టాల్సింది ప్రభుత్వం. కట్టేదాకా జాగ్రత్తగా అడుగు వేయాల్సింది విద్యార్థి.

రైలు కార్మికులు నేర్పిన పాఠం

వ్యాయామం అనగానే మనకు గుర్తొచ్చేది ఆటస్థలం, లేదా మన తాతల ఊళ్లలోని తాలింఖానా. బలంగా ఉన్న కుర్రాళ్లు ఇంకా బలంగా అవడానికి చేసేది వ్యాయామం. జబ్బు చేసినవాడికి మాత్రం రెస్టు. ఈ ఆలోచనను మార్చింది మామూలు ఉద్యోగుల మీద జరిగిన పరిశోధనే.

1953లో జెరీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిపై చేసిన పరిశోధనను లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. బస్సు ఒకటే, సంస్థ ఒకటే, పని తీరులోనే తేడా. 1962లో అమెరికా రైల్వే ఉద్యోగుల మీద హెన్రీ టేలర్ బృందం ఇలాంటి లెక్కే తీసింది. గుమాస్తాల్లో మరణాల రేటు ఎక్కువ, పట్టాల మీద పనిచేసే గ్యాంగు మనుషుల్లో తక్కువ.

ఈ లెక్కలు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చదివితే అవి పరాయి దేశపు కథల్లా అనిపించవు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మనవి. మొదటి తరం పనిలో శరీర కష్టం ఎక్కువ. ఇప్పటి తరంలో చాలామంది కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలకు మారారు. అన్నం పళ్లెం మాత్రం అదే కొలత. జీతం పెరిగింది, కష్టం తగ్గింది. అది మంచిదే. కానీ శరీరానికి కొత్త లెక్క ఎవరూ చెప్పలేదు.

రైల్వే ఊరిలో షుగరు అంటే

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. రక్తపోటు ఉన్నవాళ్లు 31.5 కోట్లు. 2022 నాటికి మన పెద్దల్లో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. వీటిని నోట్స్‌లో రాసుకోండి. కానీ వీటి అసలు బరువు రైల్వే కుటుంబాలకు ఇంకో రకంగా తెలుస్తుంది.

లోకో పైలట్ బండి ఎక్కాలంటే ఏ-1 మెడికల్ కేటగిరీలో ఉండాలి. నిర్ణీత కాలానికి ఒకసారి వైద్య పరీక్ష జరుగుతుంది. షుగరో, బీపీయో, గుండెజబ్బో అదుపు తప్పి ఆ పరీక్షలో తప్పితే డీకేటగరైజేషన్. బండి దిగి వేరే పోస్టులోకి వెళ్లాలి. అంటే ఇక్కడ ఆరోగ్యం ఆసుపత్రి విషయం మాత్రమే కాదు, సర్వీస్ విషయం కూడా. పిల్లల చదువు మధ్యలో ఉండగా ఇంటి పెద్ద కేటగిరీ మారితే ఇంట్లో ఎన్ని లెక్కలు మారతాయో ఆ ఇంటివాళ్లనే అడగాలి.

దీన్ని ఆపగలిగే వాటిలో వ్యాయామం ఒకటి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు 2006లో వచ్చాయి. మధుమేహం అంచున ఉన్నవాళ్లలో ఆహారం, వ్యాయామం మార్చుకున్నవాళ్లకు జబ్బు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లకు తగ్గింది 26.4 శాతం. మాత్రతో సమానంగా పనిచేసినప్పుడు, దానికి మాత్రలాగే మోతాదు చెప్పే మనిషి కూడా ఉండాలి కదా?

ఆ మోతాదే ఈ చదువు

డాక్టరు దగ్గర మనకు దొరికే సలహా సాధారణంగా ఒక్క వాక్యం: రోజూ వాకింగ్ చెయ్యండి. ఎంత వేగంగా? తిన్నాకా, తినకముందా? మోకాళ్ల నొప్పి ఉంటే? ఓపీలో నిలబడ్డ క్యూ చూస్తే ఇవన్నీ చెప్పే తీరిక డాక్టరుకు ఎక్కడిది?

వ్యాయామ శాస్త్రం నేర్పేది ఇదే. శరీర నిర్మాణం, శరీర ధర్మం, కదలికల మెకానిక్స్, పోషణ, మనస్తత్వం చదివి, మనిషి సామర్థ్యాన్ని పరీక్షించి, అతనికి తగిన వ్యాయామం రాసివ్వడం. మూడు ఉదాహరణలు చూడండి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకపోయినా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. అందుకే ఇన్సులిన్ తీసుకునే మనిషి లెక్క లేకుండా నడిస్తే షుగరు పడిపోయి కళ్లు తిరగవచ్చు. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వాడేవాళ్లకు గుండె వేగం ఎక్కువగా పెరగదు. కాబట్టి 220లోంచి వయసు తీసేసే జిమ్ సూత్రం వాళ్లకు పనిచేయదు. పాదాలు మొద్దుబారిన షుగరు పేషెంటుకు ముందు చూడాల్సింది చెప్పులు, తర్వాతే దూరం.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క ఇది. మన ఊరి భాషలో చెప్పాలంటే, ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 1,072 మీటర్ల పొడవైన ఆ ప్లాట్‌ఫాం అంత దూరం ఒకసారి వెళ్లి వస్తే సుమారు 25 నిమిషాలు. వారానికి ఆరుసార్లు చేస్తే కనీస మోతాదు పూర్తి. కానీ ఆ ఆరు కూడా ఎవరికి సరిపోతాయో, ఎవరికి ప్రమాదమో చెప్పగలవాడే నిపుణుడు.

అక్కడ వంతెన, ఇక్కడ గోడ

ఇప్పుడు అసలు విషయం. అమెరికాలో ఈ డిగ్రీ చాలామందికి మధ్య మెట్టు. నాలుగేళ్లు ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివి, ఆ తర్వాత ఫిజియోథెరపీ డాక్టరేట్‌కో, ఆక్యుపేషనల్ థెరపీకో, మెడికల్ స్కూల్‌కో వెళ్తారు. ఆస్ట్రేలియాలో ఇదే ఒక వృత్తి. అక్కడ గుర్తింపు పొందిన ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టుల సేవలు 2006 నుంచి ప్రభుత్వ మెడికేర్ పథకంలో ఉన్నాయి. దీర్ఘకాలిక జబ్బు ఉన్న రోగిని ఫ్యామిలీ డాక్టరే వాళ్ల దగ్గరకు పంపుతాడు.

మన దగ్గర? ఫిజియోథెరపీలో పీజీ చేయాలంటే ముందు బీపీటీ ఉండాలి. ఎంబీబీఎస్‌కు నీట్ తప్ప దారి లేదు. బీఎస్సీ ఎక్సర్‌సైజ్ సైన్స్ చేసినవాడు ఈ రెండింటికీ మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. 2021లో జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. దాని షెడ్యూల్‌లో పది విభాగాలున్నాయి. ఫిజియోథెరపీకి ఒకటి, పోషకాహార శాస్త్రానికి ఒకటి, ఆక్యుపేషనల్ థెరపీకి ఒకటి. వ్యాయామ శాస్త్రానికి సొంత విభాగం లేదు. 2024లో రైల్వే 1,376 పారామెడికల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. డైటీషియన్, ఫిజియోథెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, ఈసీజీ టెక్నీషియన్, అన్నీ ఉన్నాయి. వ్యాయామ నిపుణుడి పోస్టు లేదు.

కారణం చరిత్రలో ఉంది. గ్వాలియర్‌లో లక్ష్మీబాయి కళాశాల 1957లో, పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ 1961లో మొదలయ్యాయి. ఒకటి వ్యాయామ ఉపాధ్యాయుల కోసం, ఇంకొకటి కోచ్‌ల కోసం. వ్యాయామం క్రీడల శాఖ ఇంట్లో పెరిగింది, ఆరోగ్య శాఖ గడప తొక్కలేదు. అదే బ్రోచరును అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ పంచితే వంతెన బొమ్మ చూపించి గోడ దగ్గర దింపినట్టే. ఇంజినీరింగ్ చదివిన మా తరానికి ఈ సంగతి బాగా తెలుసు. ముందు సీట్లు వచ్చాయి, ఉద్యోగాలు వెనకాలే వస్తాయన్నారు. ఎంతమందికి వచ్చాయో మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు చూస్తే చాలు.

రెండు అభ్యంతరాలు

ఫిజియోథెరపిస్టులు ఈ పని చేయలేరా? చేయగలరు, చాలాచోట్ల చేస్తున్నారు కూడా. కానీ పక్షవాతం, విరిగిన ఎముకలు, ఆపరేషన్ తర్వాతి కేసులకే వాళ్ల సమయం చాలదు. ఇంకా జబ్బు పడని 13.6 కోట్ల మందిని ఎవరు చూడాలి? ఇది ఒకరి పని లాక్కోవడం కాదు, పంచుకోవడం. హద్దు ఎక్కడో చట్టంలో రాయాలి. లేకపోతే రేపు కోర్టు రాస్తుంది.

యోగా శిక్షకులు చాలరా అన్నది రెండో ప్రశ్న. యోగా మంచిదే. కానీ గుండెకు స్టెంటు వేసినవాడికి ఏది, ఎప్పుడు, ఎంత అన్నది పరీక్ష చేసి చెప్పాల్సిన విషయం. ఆ శిక్షణ ఉన్నవాడు యోగా నేర్పినా నాకు అభ్యంతరం లేదు.

ఖరగ్‌పూర్‌లోనే మొదలుపెట్టవచ్చు

ఒక చిన్న ప్రయోగానికి కావాల్సినవన్నీ ఇక్కడ ఉన్నాయి. రైల్వే ఆసుపత్రి ఉంది. సెర్సా స్టేడియం ఉంది. ఐఐటీలో మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీ స్కూల్ ఉంది. పక్కనే మిడ్నపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో హ్యూమన్ ఫిజియాలజీ విభాగం ఉంది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగులు ఉన్నారు. ధోనీ టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన ఊరు ఇది. ఆట వయసు దాటిన క్రీడాకారులకు ఏడాది బ్రిడ్జ్ కోర్సు ఇచ్చి, నిపుణుడి పర్యవేక్షణలో వాళ్లను ఆసుపత్రికి అనుబంధంగా వాడుకోవచ్చు. వైద్య పరీక్షలో అంచు మీద ఉన్న సిబ్బందిని డీకేటగరైజ్ అయ్యాక కాదు, కాకముందే వాళ్ల దగ్గరకు పంపాలి. రెండేళ్ల తర్వాత ఎంతమంది తమ కేటగిరీలోనే నిలిచారో లెక్క చూస్తే సరి. గ్రౌండు ఉంది, ఆసుపత్రి ఉంది. రెండింటి మధ్య మనిషి పోస్టు ఒక్కటే లేదు.

దేశ స్థాయిలో చేయాల్సినవి మూడు: అనుబంధ ఆరోగ్య చట్టంలో ఈ వృత్తికి చోటు, ఫిజియోథెరపీ వంటి కోర్సుల్లోకి క్రెడిట్ల బదిలీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంజూరైన పోస్టులు. ఈ మూడూ లేకుండా కొత్త సీట్లకు అనుమతి ఇవ్వకూడదు.

చేరాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

కాలేజీని నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ డిగ్రీని ఏ చట్టబద్ధ సంస్థ గుర్తించింది? క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు? నిరుడు పాసైనవాళ్లు ఇప్పుడు ఏ పోస్టుల్లో ఉన్నారు? దీని తర్వాత ఏ పీజీకి అర్హత ఉంటుంది? జవాబు కాగితం మీద ఇవ్వలేకపోతే నాన్న పీఎఫ్ డబ్బు ముట్టుకోవద్దు.

రోగులతోనే పనిచేయాలని ఉంటే బీపీటీ చేసి, తర్వాత ఈ రంగంలో ప్రత్యేకత తెచ్చుకోవడం ఈ రోజుకు భద్రమైన దారి. పరిశోధన ఇష్టమైతే బెంగాల్‌లో మనకో వెసులుబాటు ఉంది. ఇక్కడి మామూలు డిగ్రీ కాలేజీల్లోనే ఫిజియాలజీ ఆనర్స్ దొరుకుతుంది. ఫీజు తక్కువ, పీజీలో వ్యాయామ శరీర ధర్మం వైపు మళ్లవచ్చు. నేరుగా ఎక్సర్‌సైజ్ సైన్స్‌లోనే చేరాలనుకుంటే సొంత బోధనాసుపత్రి ఉన్న విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోండి. చదువు మంచిదే. మంచి చదువు కూడా మెట్లు లేని చోట మనిషిని నిలబెట్టేస్తుంది.

రాసి చూడండి (250 పదాలు): జీవనశైలి వ్యాధుల నివారణలో అనుబంధ ఆరోగ్య వృత్తుల పాత్రను చర్చించండి. కొత్త వృత్తులకు చట్టబద్ధ గుర్తింపు ముందు రావాలా, కోర్సులు ముందు రావాలా?