మగవారి రొమ్ము పెరిగితే నవ్వకండి, కారణం వెతకండి

మన సంఘాల స్త్రీల కూటాలలో రొమ్ములో గడ్డల గురించి చెప్పుకుంటున్నాం. మంచిదే. కాని మగవారికి కూడా రొమ్ము పెరుగుతుందనీ, దానికి కారణాలుంటాయనీ పురుషుల కూటాలలో ఎవరూ చెప్పరు. అందుకే రెజిమెంటల్ బజార్ వంటి ఇరుకు బస్తీలలో కూడా కుర్రవాళ్ళు చొక్కా విప్పకుండా ఏళ్ళ తరబడి ఈ సంగతి దాచుకుంటున్నారు.

వైద్యులు దీనిని గైనకోమాస్టియా అంటారు. మగవారి శరీరంలో కూడా కొద్దిగా స్త్రీ హార్మోను ఉంటుంది. అది పెరిగినా, పురుష హార్మోను తగ్గినా చనుమొన కింద బిళ్ళలా గట్టిగా గ్రంథి పెరుగుతుంది. లావుగా ఉన్నవారిలో అది వట్టి కొవ్వే కావచ్చు. డాక్టరు చేత్తో పరీక్షిస్తే తేడా తెలుస్తుంది.

13, 14 ఏళ్ళ వయసులో చాలామంది మగపిల్లలకు ఇది వస్తుంది. సాధారణంగా ఒకటి రెండేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. ఈ పిల్లలకు కావలసింది మందు కాదు, ధైర్యం. "ఆడపిల్లలా ఉన్నావేంట్రా" అనే మాట ఇంట్లోగాని, సండే స్కూల్లోగాని వినబడకూడదు. ఆ ఒక్క మాటకే ఆటలు మానేసే పిల్లలున్నారు.

పెద్దవారి విషయం వేరు. గుండెజబ్బుకు, పొట్టలో నీరు చేరినప్పుడు వాడే స్పైరనోలాక్టోన్, కడుపు మంటకు వాడే సిమెటిడిన్ వంటి మందుల వల్ల ఇది రావచ్చు. కండల కోసం జిమ్ములలో తీసుకునే స్టెరాయిడ్ల వల్లా వస్తుంది. సారా, విస్కీ ఏదైనా సరే, కాలేయాన్ని పాడుచేస్తే వస్తుంది. మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావడం, వృషణాలలో గడ్డ కూడా కారణాలే.

కుష్ఠువ్యాధి కూడా ఒక కారణమని మిషన్ ఆసుపత్రులవాళ్ళం మరచిపోకూడదు. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రారంభించారు. ఆ జబ్బు ముదిరి వృషణాలను దెబ్బతీస్తే పురుష హార్మోను తగ్గి రొమ్ము పెరుగుతుంది. స్పర్శ లేని మచ్చలు కూడా ఉంటే వెంటనే చూపించుకోవాలి. ఈనాడు ఆ జబ్బు మందులతో పూర్తిగా నయమవుతుంది.

ఈ రోజుల్లో "ఒక్కరోజులో ఆపరేషన్" అనే ప్రకటనలు ఎక్కువయ్యాయి. ఆపరేషన్ అవసరమైనవారు ఉన్నారు, కాదనను. కాని కారణం తెలుసుకోకుండా రొమ్ము తీసివేస్తే, లోపలి జబ్బు లోపలే ఉండిపోతుంది. ముందు పరీక్ష, తరువాతే కత్తి.

ఒకవైపే గట్టి గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మం లోపలికి లాగినట్టుండడం, చంకలో బిళ్ళ, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చేవారిలో నూటికి ఒకరు మగవారు. సిగ్గుపడి ఆలస్యంగా రావడమే వారికి ప్రాణాంతకమవుతోంది.

వాడుతున్న మందు మీకు మీరే ఆపకండి. గుండె మందు అయితే అసలే ఆపకూడదు. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు మందుల చీటీ, ఖాళీ స్ట్రిప్పులు, జిమ్ములో ఇచ్చిన డబ్బాతో సహా తెచ్చుకోండి. చాలాసార్లు జవాబు ఆ సంచిలోనే దొరుకుతుంది.