పిల్లలకు ఓటు లేదు, టికెట్ మాత్రం ఉంది

ఢిల్లీలో సుప్రీంకోర్టు అదనపు భవన సముదాయం నిలబడి ఉన్న నేల ఒకప్పుడు పిల్లలది. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు పిల్ల అప్పూ పేరుతో ప్రగతి మైదాన్‌లో వెలసిన అప్పూ ఘర్ అక్కడే ఉండేది. ఇందిరాగాంధీ హత్య జరిగి మూడు వారాలైనా గడవకముందే, 1984 నవంబర్ 19న, ఆమె జయంతి రోజున రాజీవ్‌గాంధీ దాన్ని ప్రారంభించారు. 2008 ఫిబ్రవరిలో అది మూతపడింది. ఆ భూమి మెట్రోకు, న్యాయస్థానానికి వెళ్లింది. 2019 జూలైలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కొత్త భవనాలను ప్రారంభించారు. న్యాయానికి చోటు చాలనప్పుడు పిల్లలు పక్కకు జరగవలసి వచ్చింది. దానికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. ఆ పిల్లలు ఎక్కడికి జరిగారు, అక్కడ వారి దగ్గర ఎంత వసూలు చేస్తున్నారు అన్న ప్రశ్నే ఇన్నేళ్లలో ఏ సభలోనూ గట్టిగా వినిపించలేదు.

అప్పూ ఘర్ లెక్క దాదాపు తిరునాళ్ల లెక్కే. లోపలికి వెళ్లడానికి కొద్దిపాటి రుసుము, ఆ తర్వాత ఎక్కిన ఆటకే డబ్బు. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కిన మనవడి చెప్పులు చేతపట్టుకుని కింద నిలబడిన నాయనమ్మను రాట్నం వాడు డబ్బులడగడు. నేటి వినోద పార్కుల్లో ఆ మర్యాద పోయింది. అన్ని ఆటలకూ కలిపి ఒకటే టికెట్. నాయనమ్మ రోజంతా నీడన బెంచీ మీద కూర్చున్నా ఆమె రోలర్ కోస్టర్‌కూ, నీటి జారుడుబండకూ చెల్లించినట్టే. వృద్ధులకు తగ్గింపు ఇస్తే ఇస్తారు. అది యాజమాన్యం దయ, ఆమె హక్కు కాదు.

ధర పెరగడం ఒక్కటే అయితే సామాన్యుడు కొంతవరకు సర్దుకుంటాడు. పాలు పెరిగాయి, బస్సు ఛార్జీ పెరిగింది, ఇదీ పెరిగిందనుకుంటాడు. అసలు దెబ్బ నిబంధనల్లో ఉంది. మామూలు రోజు ఒక ధర, కూలివాడికీ గుమాస్తాకూ సెలవు దొరికే ఆదివారం మరో ధర. పిల్లవాడి వయసు కాక ఎత్తు కొలిచి టికెట్ నిర్ణయించడం. బయటి తిండి నిషేధం, లోపలి తిండికి లోపలి ధర. నీటిలో దిగాలంటే ఫలానా బట్టే వేసుకోవాలి, లేకపోతే అద్దెకు తీసుకోవాలి. ఆట మరమ్మతులో ఉన్నా, వాన కురిసినా డబ్బు వాపసు లేదు. ఇంకొంత ఎక్కువ చెల్లిస్తే వరుసలో నిలబడనక్కరలేని ప్రత్యేక టికెట్. ఈ చివరిది అన్నింటికంటే అన్యాయమైనది. మండుటెండలో గంట సేపు నిలబడిన పిల్లవాడి కళ్లెదుటే మరో పిల్లవాడు పక్క దారిలో వెళ్లి ఆట ఎక్కేస్తాడు. ఈ దేశంలో డబ్బుకున్న విలువను ఏ పాఠ్యపుస్తకమూ అంత సూటిగా బోధించదు.

ఇందులో ప్రభుత్వ పాత్ర తక్కువేమీ కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు వినోద పార్కుల టికెట్‌ను 28 శాతం శ్లాబులో, కాసినోల సరసన కూర్చోబెట్టారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించారు. టికెట్ ధర వెయ్యి రూపాయలనుకుంటే పన్నుతో 1,180. నలుగురున్న కుటుంబానికి 4,720. ఢిల్లీలో 2025 ఏప్రిల్ నుంచి నైపుణ్యం లేని కార్మికుడికి ప్రకటించిన కనీస వేతనం నెలకు 18,456 రూపాయలు. అంటే రానుపోను ఛార్జీలు, తిండి లెక్కలోకి రాకముందే నెల జీతంలో నాలుగో వంతు దాటిపోయింది. నోయిడా ఉత్తరప్రదేశ్‌లో ఉంది కనుక అక్కడి కార్మికుడి కనీస వేతనం ఇంకా తక్కువ. పైగా కాగితం మీది కనీస వేతనం చేతికి అందేది ఎందరికో కార్మిక శాఖకు తెలియంది కాదు.

తెలుగు పాఠకులకు పోల్చి చూసుకునే ఉదాహరణ ఇంట్లోనే ఉంది. సినిమా టికెట్ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో జీవో 35, మరుసటి ఏడాది మార్చిలో జీవో 13 ఇచ్చింది. తెలంగాణ 2021 డిసెంబర్‌లో జీవో 120 ఇచ్చింది. హీరోలు ముఖ్యమంత్రి ఇంటి తలుపు తట్టారు, హైకోర్టులో వాజ్యాలు నడిచాయి. 2024 డిసెంబర్‌లో సంధ్య థియేటర్ తొక్కిసలాట తర్వాత ఇకపై బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవని రేవంత్‌రెడ్డి శాసనసభలోనే ప్రకటించారు. ఆ మాట ఎంతవరకు నిలిచిందన్నది వేరే కథ. మూడు గంటల సినిమాకు ఇంత రాజ్యాంగ యంత్రాంగం కదిలినప్పుడు, పిల్లలు రోజంతా ఆడుకునే చోటి ధర మీద ఒక్క చిన్న జీవో అయినా ఎందుకు పుట్టదు? హీరోకు అభిమాన సంఘాలున్నాయి, అభిమానులకు ఓట్లున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు రెండూ లేవు.

ప్రైవేటు వ్యాపారంలో ప్రభుత్వం ఎందుకు తలదూర్చాలన్నది దీనికి ఎదురయ్యే మొదటి వాదన. ఈ పార్కులున్న నేల పూర్తిగా ప్రైవేటుదైతే ఆ వాదనకు కొంత బలం ఉండేది. రోహిణిలో అడ్వెంచర్ ఐలాండ్ లేచింది ఢిల్లీ అభివృద్ధి సంస్థ భూమిలో. నోయిడా సెక్టార్ 38ఎ లోని వరల్డ్స్ ఆఫ్ వండర్‌కు చోటిచ్చింది నోయిడా అథారిటీ. వినోదం పేరున ప్రజల భూమి తీసుకున్నారు, దాన్ని ఆనుకుని షాపింగ్ మాల్ కట్టారు. అప్పూ ఘర్ వారసత్వం గురుగ్రామ్ సెక్టార్ 29కి మారింది. ఆ తర్వాత సెక్టార్ 29, 52ఎ లలో దుకాణాలిస్తామని దాదాపు 1,500 మంది మదుపరుల నుంచి 400 కోట్లకు పైగా వసూలు చేసి మోసగించారన్న కేసులో, 2024 మేలో ఈడీ ఇంటర్నేషనల్ రిక్రియేషన్ అండ్ అమ్యూజ్‌మెంట్ లిమిటెడ్‌కు, దాని అనుబంధ సంస్థలకు చెందిన 290 కోట్లకు పైబడిన ఆస్తులను జప్తు చేసింది. ఆ జాబితాలో నోయిడా మాల్‌లోని స్థలం ఉంది, రోహిణి పార్కులోని స్థలమూ ఉంది. ఆరోపణల నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. పిల్లల ఆట పేరున మొదలైన భూమి కథ దుకాణాల అమ్మకం దాకా వెళ్లిందని తెలుసుకోవడానికి మాత్రం తీర్పు అక్కరలేదు.

రెండో వాదన భద్రత. విదేశీ యంత్రాలు, బీమా, విద్యుత్తు, శిక్షణ పొందిన సిబ్బంది, వీటన్నిటికీ ఖర్చవుతుందంటారు. నిజమే. కానీ టికెట్ ధర దానంతట అదే ప్రాణానికి హామీ కాదు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ శివార్లలో కాపస్‌హేడా దగ్గరి ఒక పార్కులో రోలర్ కోస్టర్ నుంచి పడి ఇరవై నాలుగేళ్ల యువతి చనిపోయింది. భద్రత కోసమే ధర పెంచామనే యాజమాన్యం ఆఖరి తనిఖీ ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో టికెట్ కౌంటర్ పక్కనే బోర్డు మీద రాసి పెట్టాలి. ధరల బోర్డుకు దొరికిన గోడ దానికీ దొరుకుతుంది.

రోజును బట్టి ధర మార్చే విద్య అమెరికాది. 2016లో డిస్నీ తన పార్కుల్లో రద్దీని బట్టి వేర్వేరు ధరలు పెట్టింది. 2024 అక్టోబర్ నాటికి డిస్నీలాండ్‌లో రద్దీ రోజు టికెట్ 200 డాలర్లు దాటింది. అక్కడి మధ్యతరగతి దాని మీద గొంతెత్తి పోట్లాడుతోంది. ఇక్కడ ఆ విద్యను ప్రభుత్వమే అభ్యసిస్తోంది. 2018 ఆగస్టులో పురావస్తు శాఖ ఎర్రకోట, కుతుబ్ మీనార్ వంటి కట్టడాల ప్రవేశ రుసుమును పెంచింది. నగదుకు 40 రూపాయలు, నగదు లేకుండా చెల్లిస్తే 35. ఐదు రూపాయల తేడాయే కదా అనిపిస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేని వాడే ఐదు రూపాయలు ఎక్కువ ఇవ్వాలన్నది అందులోని సూత్రం. అదే ఏడాది డిసెంబర్‌లో తాజ్‌మహల్ ప్రధాన సమాధి చూడటానికి విడిగా 200 రూపాయల టికెట్ వచ్చింది. ప్రేమకు గుర్తుగా కట్టిన చోట కూడా గడపకొక రేటు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఈ కట్టడాల్లో ప్రవేశం ఉచితమన్న నిబంధన మాత్రం ఇంకా బతికి ఉంది. ఆ పని చేయగలిగిన రాజ్యం, తన భూమి మీద నడిచే వినోద పార్కులో కనీసం వారానికొక రోజు ప్రభుత్వ పాఠశాల పిల్లలకు తలుపు తెరిపించలేదా?

కొత్త చట్టాలేమీ అడగనక్కరలేదు. దశలవారీగా రుసుములు జోడిస్తూ చివరి మెట్టులో అసలు ధర చూపించడం మోసపూరిత పద్ధతి అని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లోనే మార్గదర్శకాలిచ్చింది. సినిమా హాళ్లు బయటి తిండిని ఆపవచ్చన్న సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆ తీర్పులోనే ఉచిత మంచినీరు ఇవ్వాలని, పసిపిల్లల ఆహారాన్ని అనుమతించాలని చెప్పింది. అదే కొలత పార్కు గేటు దగ్గరా పెట్టవచ్చు. ఆట ఎక్కని వారికి వేరే టికెట్, నగదు తీసుకునే ఒక కౌంటర్, నిబంధన మార్చే ముందు నెల రోజుల బహిరంగ ప్రకటన, మూసి ఉన్న ఆటలకు తగ్గింపు: ఈ నాలుగింటినీ భూమి ఇచ్చిన సంస్థ లీజు షరతుల్లో చేర్చవచ్చు, చేర్చి అమలు చేయించవచ్చు. లీజు పత్రాలు డీడీఏ దగ్గర, నోయిడా అథారిటీ దగ్గర ఉన్నాయి. వాటిని సభ ముందు పెట్టమని అడగడానికి సంబంధిత ప్రజాప్రతినిధి ఒక ప్రశ్న రాసిస్తే చాలు.