షేర్ ధరల పాత లెక్కలు మన కొండకెందుకు?

పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకుని చదవండి. ఒప్పుకోకపోతే చెప్పండి, కానీ పూర్తిగా చదివి చెప్పండి.

ఈమధ్య మన గ్రూపుల్లోకి కరెంటు కంపెనీల షేర్ల మెసేజులు బాగా ఎక్కువయ్యాయి. ఒక గ్రాఫ్ బొమ్మ, పైకి ఎగబాకే పచ్చ గీత, దాని కింద "నాలుగేళ్లలో ఆరింతలు, ఇప్పుడు కొనకపోతే ఇక అంతే" అని. డుంబ్రిగుడ, అరకు, పాడేరు హాస్టళ్ల పిల్లలు కూడా స్కాలర్‌షిప్ పడగానే ఇందులో వేద్దామా అని అడుగుతున్నారు. ఇదే సమయంలో కరెంటు కంపెనీలు మన కొండల మీదికి ప్రాజెక్టులతో వస్తున్నాయి. ఒకటి డబ్బు సంగతి, ఇంకొకటి భూమి సంగతి అనిపిస్తుంది. రెండింటికీ పనికొచ్చే చదువు ఒకటుంది, అది కంపెనీ షేర్ ధరల చరిత్ర చదవడం. మన పిల్లలు దాన్ని నేర్చుకోవాలని మా అభిప్రాయం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది కదా, దాన్ని నడిపే ఎన్‌టీపీసీనే తీసుకుందాం. ప్రభుత్వ రంగ సంస్థ. 2004లో షేర్ 62 రూపాయలకు జనానికి అమ్మారు. 2008 జనవరిలో 290 రూపాయల దగ్గరికి చేరింది. 2020 మార్చిలో, కరోనా భయంలో, 80 రూపాయల కిందికి దిగింది. 2024 సెప్టెంబరు చివరికి 448 దాకా వెళ్లింది.

ఇప్పుడు ఆ మెసేజు పంపేవాడి పని గమనించండి. గ్రాఫ్‌ని 2020 మార్చి నుంచి 2024 సెప్టెంబరు దాకా కత్తిరిస్తే దాదాపు ఆరింతలు. అదే గ్రాఫ్‌ని 2008 జనవరి నుంచి 2020 మార్చి దాకా కత్తిరిస్తే, పన్నెండేళ్లు ఆగినవాడి డబ్బు మూడో వంతుకు దిగిపోయింది. కంపెనీ అదే, కరెంటు అదే, సింహాద్రి పొగ గొట్టాలూ అవే. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాడన్నదాన్ని బట్టి కథ మారిపోయింది. అందుకే ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే మొదటి ప్రశ్న ఇదే అడగండి: "దీనికి ముందు ఏముంది?"

రెండో సంగతి కొలత. సంతలో కుంచం చోళ్లు 100 రూపాయలు అనుకుందాం. వచ్చే వారం షావుకారు కుంచం పక్కన పెట్టి, అందులో సగం ఉండే అడ్డతో కొలిచి 50 అన్నాడు. ధర పడిపోయిందా? లేదు, కొలత మారింది. షేర్లలో బోనస్, స్ప్లిట్ అనేవి ఇలాంటివే. ఎన్‌టీపీసీ 2019 మార్చిలో ప్రతి 5 షేర్లకు 1 బోనస్ ఇచ్చింది. 100 ఉన్నవాడికి 120 అయ్యాయి, ఆ మేరకు ఒక్కో షేర్ ధర తగ్గింది. ఎవరూ నష్టపోలేదు. కాబట్టి 2008 నాటి 290ని ఇప్పటి కొలతలో చెప్పాలంటే 1.2తో భాగించాలి, 242 వస్తుంది. 2004 నాటి 62 అలాగే 52 దగ్గరికి వస్తుంది. దీన్ని సరిచేసిన ధర అంటారు. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో దొరికే పాత ధరలు ఆ రోజు నడిచిన ధరలే, సరిచేసినవి కావు. కొన్ని ఆర్థిక సైట్లలో "అడ్జస్టెడ్ క్లోజ్" అని వేరే గడి ఉంటుంది. పాత ధర, కొత్త ధర పక్కపక్కన పెట్టే ముందు ఏ కుంచంతో కొలిచారో చూసుకోవాలి.

ఇప్పుడు లెక్క చేద్దాం. 2008 జనవరిలో 290 చొప్పున 100 షేర్లు కొంటే 29,000. బోనస్‌తో 120 అయి, 2024 సెప్టెంబరులో 448 చొప్పున 53,760. పదహారేళ్లకు పైగా ఆగినా రెట్టింపు కాలేదు. ఏటా వచ్చే డివిడెండ్ దీనికి అదనం, అది గ్రాఫ్ గీతలో కనబడదు, కలుపుకోవాలి. 6 శాతం చక్రవడ్డీకి డబ్బు 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. ఆ రెండూ పక్కన పెట్టి చూస్తే "బంగారు షేర్" అన్న మాట ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది.

ఎన్‌టీపీసీ నిలబడ్డ సంస్థ. అన్నీ అలా ఉండవు. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ షేర్లు అమ్మకానికి వచ్చినప్పుడు దేశమంతా ఎగబడింది. చిన్న మదుపరులకు ధర 430. ఫిబ్రవరి 11న మార్కెట్లోకి వచ్చిన తొలిరోజే 372 దగ్గర ముగిసింది. తర్వాత 5కి 3 బోనస్ ఇచ్చారు, అంటే 430 ఇప్పటి కొలతలో 269. 2020 మార్చిలో ఆ షేర్ రెండు రూపాయల లోపు. కారణాల్లో కొన్ని మన రాష్ట్రంలోనే ఉన్నాయి. కృష్ణపట్నంలో 4,000 మెగావాట్ల కేంద్రం వాళ్లకు దక్కింది, దిగుమతి బొగ్గు ధర పెరిగాక ఆగిపోయింది. సామర్లకోటలో గ్యాస్ కేంద్రం కట్టారు, గ్యాస్ రాలేదు. 2025 జూన్‌లో ఆ షేర్ 70 దాటింది. "ఐదేళ్లలో ముప్ఫై రెట్లకు పైనే" అని ఎవడైనా గ్రాఫ్ గీయొచ్చు, అబద్ధం కూడా కాదు. కానీ 2008లో కొని కూర్చున్నవాడికి పెట్టినదాంట్లో మూడో వంతు కూడా తిరిగి రాలేదు.

ఇక భూమి సంగతి. అనంతగిరి మండలం పెదకోట, మన్యం జిల్లాలో కురుకుట్టి, కర్రివలస పేర్లు మీరు వినే ఉంటారు. పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కట్టి, కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు ఇవి. రాష్ట్ర ప్రభుత్వం 2022లో వీటిని అదానీ గ్రీన్ ఎనర్జీకి కేటాయించింది. అనంతగిరి మండలంలో ఇలాంటి ప్రాజెక్టుల మీద గ్రామాలు నిరసనలు చేశాయి.

ఆ కంపెనీ ధరల పట్టిక తెరవండి. 2018 జూన్‌లో మార్కెట్లోకి వచ్చినప్పుడు 30 రూపాయల దగ్గర. 2022 ఏప్రిల్‌లో 3,000 పైన. 2023 జనవరి 24న హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చేనాటికి 1,900 దగ్గర, ఫిబ్రవరి చివరికి 500 కింద. 2024 నవంబరు 21న ఒక్కరోజే సుమారు 19 శాతం పడింది. ఆ తేదీ పట్టుకుని వెతికితే అమెరికాలో పెట్టిన కేసు వార్త దొరుకుతుంది. ఆ కేసులో ఆంధ్రప్రదేశ్ సోలార్ కరెంటు ఒప్పందం ప్రస్తావన కూడా ఉంది. నివేదికలోని, కేసులోని ఆరోపణలన్నిటినీ కంపెనీ ఖండించింది. ఎవరిది నిజమో తేల్చడం ఈ పోస్టు పని కాదు. మేం చెప్పేది పద్ధతి: ధర ఎక్కడ గట్టిగా కదిలిందో అక్కడ ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీ వెనక ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం మనకు కావాలి.

సెబీ 2015 నిబంధనల ప్రకారం మార్కెట్లో ఉన్న కంపెనీ తన పెద్ద విషయాలను గంటల లెక్కలో, సాధారణంగా 24 గంటల లోపే, ఎక్స్చేంజీకి తెలపాలి. అవి బీఎస్‌ఈ సైట్లో కంపెనీ పేరు కొడితే ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. ముంబైలో షేర్ కొన్నవాడికి గంటల్లో తెలిసేది, కొండ మీద భూమి ఉన్నవాడికి ఎప్పుడు తెలిసింది? పీసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభను సంప్రదించాలని అందులో రాసుంది. ఒక కాగితం మీద రెండు తేదీలు రాయండి: మదుపరులకు చెప్పిన తేదీ, మన గ్రామసభకు చెప్పిన తేదీ. మదుపరులకు "ఇన్ని నెలల్లో పూర్తి" అన్నారా? మనతో "ఇంకా సర్వేనే" అన్నారా? ఆ తేడా చూపించి అడిగితే అధికారి దగ్గర మన మాటకు బరువుంటుంది.

"మన పోరాటం 1/70 మీద, షేర్ల చదువు మనకెందుకు?" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ల మాట మీద మాకు గౌరవం ఉంది. కానీ 1997లో సమత తీర్పు వచ్చింది కూడా మన పక్కనే, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద. లీజు కాగితాలు చదివినవాళ్లు ఉండబట్టే కదా ఆ కేసు నిలబడింది. అవతలివాడి లెక్కల పుస్తకం చదవడం రావాలి.

దీనికి హద్దులూ ఉన్నాయి. ప్రతి చిన్న ప్రాజెక్టూ ఎక్స్చేంజీ ప్రకటనల్లో ఉండదు, వార్షిక నివేదికలో వెతకాలి. మార్కెట్లో లేని కంపెనీకి ధరే ఉండదు, అక్కడ సమాచార హక్కు దరఖాస్తే దారి. ఇంకొక హద్దు పెద్దది. మన పక్కనే మాచ్‌ఖండ్ 1955 నుంచి కరెంటు తీస్తోంది. జోలాపుట్ నీళ్ల కింద ఊళ్లు పోయాయి. ఆ ఊళ్ల విలువ ఏ పట్టికలోనూ లేదు. షేర్ ధర మదుపరుల ఆశనూ భయాన్నీ చూపిస్తుంది, మన నష్టాన్ని చూపించదు. దాన్ని మనమే రాసుకోవాలి.

చేయాల్సిన పని చిన్నదే. డిగ్రీ చదివేవాళ్లు తలా ఒక కరెంటు కంపెనీ తీసుకోండి. ఎన్‌ఎస్‌ఈ సైట్లో పాత ధరల ఫైల్ దింపండి. ప్రతి నెల చివరి రోజు "క్లోజ్" ధర ఒక వరసలో, బోనస్, స్ప్లిట్, డివిడెండ్ తేదీలు ఇంకో వరసలో రాయండి. అయిదు పెద్ద కదలికలు గుర్తించి, ఒక్కోదాని పక్కన కారణం, దొరికిన కాగితం పేరు రాసి ఇక్కడ పెట్టండి. కారణం దొరక్కపోతే ఖాళీ వదిలేయండి, ఊహించి నింపొద్దు.

స్కాలర్‌షిప్ డబ్బు మాత్రం ఫీజుకీ పుస్తకాలకీ ఉంచండి. సలహా ఇస్తానన్నవాడికి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి, చెప్పిన నంబరు సెబీ సైట్లో సరిచూడండి. గ్రాఫ్ బొమ్మ పంపినవాడిని 2008 నుంచి మొత్తం పంపమనండి. పంపకపోతే ఆ మెసేజు ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేయకండి.