లెక్కల మార్కుల కోసం సంగీతమా?

పిల్లలకు సంగీతం నేర్పిస్తే మెదడు పదునెక్కుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, లెక్కల్లో మార్కులొస్తాయి. బడుల కరపత్రాల్లో, పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఇది. సంగీతం మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లు కూడా వారానికి ఒక పీరియడ్ అడగాల్సి వస్తే ఈ మాటనే ముందు పెడతారు. ఈ వాదన తప్పని, పైగా సంగీతానికే చేటని నా అభిప్రాయం. బడుల్లో సంగీతం పెట్టి చూసిన దేశాల అనుభవమే ఇందుకు సాక్ష్యం.

ముందు ఆధారాల సంగతి చూద్దాం. 1993లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న ప్రయోగం అచ్చయింది. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాల పాటు మొజార్ట్ సొనాటా వినిపించి, వెంటనే ఆకారాలను ఊహించే పరీక్ష పెట్టారు. ఫలితం కాస్త మెరుగైంది. ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు. అందులో చిన్నపిల్లలు లేరు, లెక్కలు లేవు, సంగీతం నేర్పడమూ లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి 1,05,000 డాలర్లు కావాలన్నారు. 2010లో వియన్నా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన సుమారు 40 అధ్యయనాలను కలిపి చూసి, మొజార్ట్‌కు ప్రత్యేకమైన మహిమ ఏదీ లేదని తేల్చారు. మరి వినడం వేరు, నేర్చుకోవడం వేరు కదా అంటారా? 2020లో సాలా, గోబే అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 7,000 మంది పిల్లలకు సంబంధించిన 54 అధ్యయనాలను పరిశీలించారు. పకడ్బందీగా జరిపిన ప్రయోగాల్లో, సంగీత శిక్షణ వల్ల తెలివితేటలకు గానీ చదువుకు గానీ లెక్కించదగ్గ లాభం కనిపించలేదు.

ఇలా వేరే లాభం చూపించి సంగీతాన్ని బడిలోకి తేవడం పాత అలవాటే. 1837లో బోస్టన్ స్కూలు కమిటీ సంగీతాన్ని మూడు గీటురాళ్ల మీద పరీక్షించింది: బుద్ధికి మేలా, నీతికి మేలా, దేహానికి మేలా? మూడింటికీ మేలేనని ఒప్పుకుని, మరుసటి ఏడాది సంగీత ఉపాధ్యాయుడు లోవెల్ మేసన్‌కు పాఠాలు అప్పజెప్పింది. మెయిజీ జపాన్ 1880లో ఆ బోస్టన్ నుంచే మరో సంగీత ఉపాధ్యాయుడు లూథర్ వైటింగ్ మేసన్‌ను పిలిపించుకుంది. నీతి బోధించడానికి, ఆధునిక దేశంగా నిలబడడానికి పాట ఒక సాధనమైంది. పాశ్చాత్య బాణీలకు జపనీస్ మాటలు కట్టి పిల్లల చేత పాడించారు. సొంత వాద్యాలు బడి గడప బయటే ఉండిపోయాయి. జూనియర్ హైస్కూల్లో ప్రతి విద్యార్థీ కనీసం ఒక జపనీస్ వాద్యం నేర్వాలన్న నియమం అమలులోకి వచ్చేసరికి 2002 అయింది.

ఏ కారణం చెప్పినా పీరియడ్ దొరికితే చాలదా అని అడిగేవాళ్లున్నారు. చాలదు. ఎరువు సొమ్ము బరువు చేటు. లెక్కల కోసమే సంగీతమైతే, పరీక్షలు దగ్గర పడగానే ఆ పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చేయడమే న్యాయమవుతుంది. లెక్కలు నేర్పడానికి లెక్కల పాఠం కన్నా దగ్గరి దారి లేదు. అమెరికాలో 2001 నాటి 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం కళలను ప్రధాన విద్యావిషయాల జాబితాలోనే చేర్చింది. కానీ ఏటేటా పరీక్ష పెట్టింది చదవడానికి, లెక్కలకు. చాలా బడుల్లో గంటలు అటే మళ్లాయి. ఇంగ్లండ్ 2010లో బడుల పనితీరును కొలవడానికి ఎంచుకున్న సబ్జెక్టుల్లో సంగీతం లేదు. తర్వాతి దశాబ్దంలో పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షకు సంగీతం తీసుకునేవాళ్లు తగ్గారు.

అదే ఇంగ్లండ్‌లో అంతకు ముందు అసలైన చర్చ ఒకటి జరిగింది. 1991-92లో జాతీయ పాఠ్యప్రణాళిక రాస్తున్నప్పుడు, పిల్లలు పాడాలి, వాయించాలి, సొంతంగా స్వరపరచాలి అని నిపుణుల బృందం అంది. శాస్త్రీయ సంగీత చరిత్రకు, స్వరకర్తల గురించిన పరిజ్ఞానానికి ఎక్కువ చోటుండాలని ప్రభుత్వ పక్షం పట్టుబట్టింది. సైమన్ రాటిల్ లాంటి ప్రసిద్ధ కండక్టర్లు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఏ పక్షం గెలిచిందన్నది అటుంచండి. వాళ్లు సంగీతం గురించే పోట్లాడుకున్నారు. మనం చేయాల్సిన పోట్లాట అది.

హంగరీలో స్వరకర్త జోల్తాన్ కొదాయ్ ఆ పోట్లాట చేసి గెలిచాడు. సంగీతం అందరి సొత్తని, చదవడం రాయడం వచ్చినట్టే ప్రతి బిడ్డకూ పాడడం, స్వరం చదవడం రావాలని ఆయన వాదన. 1950లో ఆయన పుట్టిన ఊరు కెచ్‌కెమేట్‌లో రోజూ పాట నేర్పే ప్రాథమిక పాఠశాల మొదలైంది. మరో స్వరకర్త బేలా బార్తోక్‌తో కలిసి పల్లెల్లో తిరిగి సేకరించిన జానపద గీతాలే తొలి పాఠాలకు పునాది. ఏ శ్రుతిలో పాడినా ఆధార స్వరం నుంచే మిగతా స్వరాలను గుర్తుపట్టే పద్ధతిని ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్నారు. సరళీ వరిసలు పాడిన ప్రతి తెలుగు బిడ్డకూ ఆ పద్ధతి తెలిసిందే.

పునాది మన దగ్గరే ఉంది. 1919 నుంచి విజయనగరంలో సంగీత కళాశాల ఉంది. బతుకమ్మ పాటలు, కోలాటాలు, లాలిపాటలు, తత్వాలు ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశం, సహపాఠ్యాంశం అనే గోడ వద్దంది. ఆరో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ కళల పాఠ్యపుస్తకం కూడా తెచ్చింది. అయినా పాటతో ఎక్కాలు చెప్పించి, దాన్నే సంగీతం కింద లెక్క రాసుకునే ధోరణి కనిపిస్తోంది. ఎక్కాలకు అది మంచిదే. దానితో శ్రుతి కుదరదు, తాళం నిలవదు.

శ్రుతిలో గొంతు కలపడం, పదిమందితో కలిసి ఒకే లయలో నడవడం, విన్న పాటను విడమర్చి అర్థం చేసుకోవడం మరే సబ్జెక్టూ ఇవ్వలేని చదువు. సంగీతాన్ని బడిలో ఉంచడానికి ఈ కారణం చాలు. అందుకే బడిలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు అడగవలసినవి మూడు ప్రశ్నలు: సంగీతం ఎవరు నేర్పుతారు? పరీక్షల నెలలో కూడా ఆ పీరియడ్ ఉంటుందా? ఏడాది చివరికి మా బిడ్డ ఏయే పాటలు శ్రుతి తప్పకుండా పాడగలదు? వీటికి జవాబు చెప్పలేని బడి సంగీతం నేర్పుతున్నట్టు కాదు.