చౌడు సవరణకు తొలి మెట్టు మురుగు పారుదలే

ఆయకట్టు ప్రాంతాలలో చౌడు సమస్య చర్చకు వచ్చినప్పుడల్లా జిప్సం మోతాదు, పచ్చిరొట్ట ఎరువులు, చౌడును తట్టుకొనే వంగడాలు ముందుకు వస్తున్నాయి. పొలంలోని మిగులు నీరు ఏ దారిన బయటకు పోతున్నదన్న ప్రశ్న చివరన వస్తున్నది. అనేక సందర్భాలలో రావడమే లేదు. ఈ వరుస తలక్రిందులైనదని, దీనిని సరిదిద్దనంత కాలం చౌడు సవరణకు వెచ్చించే ధనంలో అధికభాగం నిష్ఫలమౌతుందని నా అభిప్రాయం.

కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ మదింపు ప్రకారం దేశంలో చౌడు బారిన పడిన భూమి 67.3 లక్షల హెక్టార్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 2.74 లక్షల హెక్టార్లు. తీరప్రాంతంలో సముద్రపు ఉప్పు పాత్రను కాదనలేము. కాని సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఆయకట్టు భూములకు ఉప్పు ఎక్కడిది? అందులో కొంత నేల అడుగు పొరలలో మొదటి నుంచి ఉన్నది. కొంత మనం పారించే నీటితోనే వస్తున్నది. ఒక చిన్న లెక్క చూద్దాము. విద్యుత్ వాహకత 0.5 డెసిసీమెన్లు గల నీటిని మనం మంచి సాగునీరుగానే పరిగణిస్తాము. అందులో లీటరుకు సుమారు 320 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. హెక్టారు వరికి 1,200 మిల్లీమీటర్ల లోతున, అంటే 12,000 ఘనపు మీటర్ల మేర అటువంటి నీరు పెడితే, దానితోపాటు సుమారు 3.8 టన్నుల లవణాలు పొలంలోకి చేరుతాయి. నీరు ఆవిరైపోతుంది, పైరు పీల్చుకొనే లవణం స్వల్పమే. మురుగునీటితో కొట్టుకొనిపోయినంత మేరకే పొలానికి విముక్తి. ఆ దారి మూసుకొనిపోతే ఏటేటా నిల్వ పెరుగుతూనే ఉంటుంది.

నీటిమట్టం పైకి లేచినకొద్దీ ఈ ప్రక్రియ వేగం పుంజుకొంటుంది. భూగర్భ జలమట్టం ఉపరితలానికి ఒకటిన్నర, రెండు మీటర్ల లోపునకు చేరినప్పుడు కేశాకర్షణ వలన నీరు పైకి ప్రాకి, ఆవిరై, ఉప్పును నేలపై విడిచిపెడుతుంది. నాగార్జునసాగర్ ఆయకట్టులో జరిగినది ఇదే. 1967లో కాలువలకు నీరు విడుదలయ్యే వరకు ఆ నల్లరేగళ్లు మెట్టపైరులకు అలవాటుపడినవి. ఆరుతడి పైరులకు నిర్ణయించిన భూములలో సైతం వరి నాటడం, కాలువల నుంచి ఊట దిగడం, బంకమట్టి నేలల్లో నీరు మెల్లగా ఇంకడం, ఈ మూడూ కలిసి పల్లపు భూములను ఊటచేలుగా, అటుపిమ్మట చౌడుచేలుగా మార్చినవి. పైభాగపు రైతు అదనంగా పెట్టిన నీటి ఫలితాన్ని దిగువభాగపు రైతు అనుభవిస్తున్నాడు.

డెల్టా పరిస్థితి కొంత భిన్నం. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ పూర్తి అయినవి. వాలు బహు తక్కువగా ఉన్న ఈ నేలలో మురుగుకాలువలే ప్రాణనాళాలు. ఈ సత్యాన్ని మన పూర్వులు గ్రహించకపోలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల కొరకు ప్రత్యేకంగా పన్ను విధించే చట్టాన్ని 1968లోనే చేసినారు. నేడు గుర్రపుడెక్క, తూడు, పూడిక, గట్ల ఆక్రమణ మురుగుకాలువల వాహకశక్తిని హరిస్తున్నాయి. మంచినీటి ప్రాంతంలో ఉప్పునీటి రొయ్యల చెరువులు వెలసిన చోట ప్రక్క చేలలోకి ఊట దిగుతున్నది. చెరువు ఖాళీ చేసిన నీరు అదే మురుగుకాలువలో కలుస్తున్నది. నీరు చాలని వేసవిలో దిగువ రైతు ఆ కాలువ నీటినే తోడి పెట్టుకొంటున్నాడు.

ఈ స్థితిలో మనం ఇస్తున్న సిఫారసులను పరిశీలించవలసి ఉన్నది. పాలచౌడుకు, కారుచౌడుకు చికిత్స ఒకటి కాదు. సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత 4 డెసిసీమెన్లు దాటి, ఉదజని సూచిక 8.5 లోపు, మార్పిడి సోడియం 15 శాతం లోపు ఉన్న పాలచౌడుకు జిప్సంతో పని లేదు. మంచినీటితో కడగడం, కడిగిన నీటిని బయటకు పంపడం కావాలి. కారుచౌడుకు జిప్సం అవసరమే. అయితే జిప్సంలోని కాల్షియం మట్టి రేణువులపై ఉన్న సోడియంను తొలగించినప్పుడు సోడియం సల్ఫేటు ఏర్పడుతుంది. అది వేరుమండలం దాటి క్రిందికి పోతేనే సవరణ పూర్తి అయినట్లు. మురుగు దారి లేని చేలో ఆ లవణం అక్కడే నిలిచి, కారుచౌడుకు పాలచౌడు తోడవుతుంది.

పరీక్షల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రయోగశాలలు సాధారణంగా ఒక భాగం మట్టికి రెండున్నర భాగాల నీరు కలిపి విద్యుత్ వాహకతను కొలుస్తాయి. ఆ విలువ సంతృప్త ద్రావణపు విలువ కంటె చాలా తక్కువగా ఉంటుంది. 4 అనే హద్దును దానికి అన్వయించి నేల బాగున్నదని చెప్పడం పొరపాటు. వరిమడిలో నీరు నిలిచిన రోజులలో తీసిన నమూనా కూడ లవణ తీవ్రతను దాచివేస్తుంది. నమూనా వేసవిలో తీయాలి.

తట్టుకొనే వంగడాలున్నవి కదా అనవచ్చును. మచిలీపట్నం కేంద్రం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. రకాలు తీరప్రాంత రైతుకు ఎంతో మేలు చేస్తున్నవి. అయినా వంగడం ఉప్పును తొలగించదు, దానిని భరిస్తుంది. వరి తరువాత వేసే మినుముకు ఆ ఓర్పు లేదు. ఖరీఫ్‌లో వరి గట్టెక్కినా, నేల ఆరేవేళకు ఉప్పు పైకి వచ్చి రెండవ పైరును దెబ్బతీస్తుంది.

భూగర్భ మురుగు గొట్టాల పద్ధతి మనకు క్రొత్తది కాదు. సాగర్ కుడికాలువ క్రింద కోనంకిలోను, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులోను డచ్చి సహకారంతో రైతుల పొలాలలోనే దీనిని పరీక్షించినారు. దేశంలోని పలు రాష్ట్రాలలో జరిగిన ఇటువంటి పరీక్షలలో వరి దిగుబడి సగటున 69 శాతం, ప్రత్తి 64 శాతం, చెరకు 54 శాతం పెరిగినట్లు వెల్లడి అయినది. మరి ఈ పద్ధతి ఎందుకు వ్యాపించలేదు? ఖర్చు ఒక కారణమే. అంతకు మించిన కారణం, ఇది ఒక్క రైతు చేయగల పని కాకపోవడం. జిప్సం బస్తాను రైతు ఒంటరిగా చల్లుకొనగలడు. గొట్టం నుంచి వచ్చే నీటిని అందుకొనే కాలువ ఊరుమ్మడిది. ఆ కాలువ కలిసే పెద్ద డ్రెయిను పది ఊళ్ల ఉమ్మడిది. 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాల పరిధి సాగునీటి కాలువను అనుసరించి ఉన్నది. ఒక డ్రెయినులోకి అనేక సంఘాల నీరు చేరుతుంది గనుక దాని బాధ్యత ఏ ఒక్క సంఘానిదీ కాకుండా పోతున్నది.

కాబట్టి కొన్ని మార్పులను ప్రతిపాదిస్తున్నాను. డ్రెయిను పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని, అందులోని సంఘాలన్నింటికీ ఉమ్మడి బాధ్యత, నిధి కల్పించాలి. కాలువలకు నీరు విడిచేలోగా డ్రెయిన్ల పూడికతీత పూర్తి కావాలి. ఊట ప్రాంతాలలో పరిశీలక గొట్టాలు దింపి, వేసవిలో ఒకసారి, వర్షాకాలం ముగిసిన వెంటనే ఒకసారి నీటిమట్టాన్ని, దాని లవణీయతను నమోదు చేయాలి. జిప్సం రాయితీని నేల పరీక్షతోను, పొలానికి మురుగు దారి ఉన్నదన్న నిర్ధారణతోను ముడిపెట్టాలి. చెరువులకు అనుమతి ఇచ్చేముందు విడిచే నీరు ఎక్కడికి పోతుందో తేల్చాలి. లేనిచో ఎగువ పొలం బాగుపడి దిగువ పొలం చెడుతుంది.

పరిశోధకులమైన మన వంతు కూడ ఉన్నది. జిప్సం ప్రయోగాల ఫలితాలను ప్రకటించేటప్పుడు ఆ క్షేత్రంలోని నీటిమట్టపు లోతును, మురుగు వసతిని విధిగా పేర్కొనాలి. మురుగు వసతి గల పరిశోధనా క్షేత్రంలో వచ్చిన దిగుబడిని, ఆ వసతి లేని రైతుకు సిఫారసుగా అందించడం శాస్త్రీయం కాదు. చౌడు సవరణపై మనం వెలువరించే ప్రతి కరపత్రంలో మొదటి అంశం జిప్సం మోతాదు కాక, మురుగు దారి కావలెను.