చెరువు మనది, గల్లాపెట్టె ఎవలది?

శుక్రవారం పొద్దుగూకిందంటె చాలు, హైదరాబాద్ నుంచి కార్లు నాలుగు దిక్కులకు బయలెల్తయ్. కొన్ని వికారాబాద్ అనంతగిరి గుట్టలకు, కొన్ని ములుగు జిల్లా రామప్ప, లక్నవరం దిక్కు, కొన్ని కొల్లాపూర్ కాడి సోమశిలకు. గోవాకో ఊటీకో పోయేటంత సెలవులు, పైసలు లేనోళ్లు, ఉన్నా అంత దూరం తిరుగుడు వద్దనుకునేటోళ్లు దగ్గరి జాగలనే ఒకట్రెండు రోజులు ఉండి పోతున్నరు. దీనికి ‘స్టేకేషన్’ అని పేరు వెట్టిన్రు. పేరు ఏదైతే ఏంది, పట్నమోళ్లు బువ్వకు, పడకకు మన ఊర్లకు వస్తున్నరు. రానియ్యుర్రి, మంచిదే. కానీ వాళ్లు ఖర్చు వెట్టే రూపాయి మన ఊర్ల ఎంతసేపు ఉంటున్నది? గది అడుగుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

లెక్క కోసం అనుకుందం. నలుగురున్న కుటుంబం రెండు రోజులకు పది వేలు ఖర్చు చేసింది. గది కిరాయి రిసార్ట్ ఓనర్‌కు పోతది, ఆయన ఉండేది పట్నంల. ఆన్‌లైన్‌ల బుక్ చేస్తె అండ్ల కమీషన్ ఇంకో కంపెనీకి పోతది. పనీర్, బ్రెడ్డు, ఐస్‌క్రీమ్, ఆఖరికి నీళ్ల సీసా సుత పట్నం నుంచే వ్యాన్‌ల వస్తది. ఊరోళ్లకు మిగిలేది గేటు కాడ వాచ్‌మన్ జీతం, గదులు ఊడ్సే ఆడోళ్ల కైకిలి, రోడ్డు మీద మక్కకంకులు కాల్సి అమ్మే అవ్వకు వచ్చే చిల్లర. అంటే రూపాయి ఏ కార్ల వచ్చిందో మల్ల అదే కార్ల వాపస్ పోతున్నది.

బువ్వ కాడనే అసలు కథ

అనంతగిరి దిక్కు ఒక రిసార్ట్‌ల మీటింగ్ అయితె పోయిన. పేరెందుకు గనీ, అన్నీ గట్లనే ఉన్నయ్. బఫేల గోబీ మంచూరియా, నూడుల్స్, పనీర్ బటర్ మసాలా. జొన్నరొట్టె ఉన్నదా అని అడిగిన. ‘ఒక రోజు ముందు చెప్పాలె సార్, మాస్టర్ పట్నం నుంచి రావాలె’ అన్నడు అక్కడి పిలగాడు. ఎనక దిక్కు నల్లా కాడ గిన్నెలు తోముతున్న నలుగురు అక్కలు ఉన్నరు. తెల్లారి లేస్తె ఇంట్ల రొట్టెలు కొట్టి పనికి వచ్చేటోళ్లే. వాళ్ల చేతికి గిన్నెలు తోముడే ఇచ్చిన్రు, రొట్టె చేసుడు పట్నం మాస్టర్‌కు ఇచ్చిన్రు. రెండింటి కూలీల ఎంత ఫరక్ ఉంటదో మీకు తెల్వంది కాదు.

గా జిల్లాదే తాండూరు. అక్కడి కందికి 2022ల జీఐ గుర్తింపు వచ్చింది. పక్క మండలంల పండే అంత పేరున్న పప్పు టేబుల్ మీదికి వస్తె ‘దాల్ ఫ్రై’ అయితది. ఇది తాండూరు కంది అని ఒక్క బోర్డు రాసినా రైతుకు, హోటల్‌కు ఇద్దరికీ లాభమే గదా!

మనోళ్ల తప్పు సుత కొంత ఉన్నది. అంబలి, గుడాలు, పుంటికూర అంటే పేదోళ్ల తిండి అని మనమే దాసిపెట్టుకున్నం. ఇంటికి చుట్టం వస్తె ఫ్రైడ్ రైస్ తెప్పిస్తున్నం. గదే జొన్నరొట్టె, నాటుకోడి కూర, సర్వపిండి, పచ్చిపులుసును పట్నంల మట్టి గోడ డిజైన్ గీసిన హోటళ్లల్ల పెద్ద రేటుకు అమ్ముకుంటున్నరు. మన రుచికి గిరాకీ లేదనేది అబద్ధం. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్లు కొర్రలు, సామలు, జొన్నలు ఎన్నో ఏండ్ల నుంచి కాపాడుకుంటొచ్చిన్రు. ఆ పంటలతోనే జహీరాబాద్‌ల ‘కేఫ్ ఎత్నిక్’ అని హోటల్ సుత నడిపిన్రు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరుపుకున్నది. గా పని వీళ్లు దానికి శానా ముందే చేసి సూపిచ్చిన్రు.

అవార్డులు వచ్చినయ్, రాత్రి ఉండేటోళ్లేరి?

భూదాన్ పోచంపల్లికి 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు వచ్చింది. రామప్ప గుడి గదే ఏడు జులైల యునెస్కో జాబితాకు ఎక్కింది. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే ఉత్తమ గ్రామాల అవార్డు 2023ల పెంబర్తికి, చంద్లాపూర్‌కు, 2024ల నిర్మల్‌కు, సోమశిలకు వచ్చింది. గర్వపడే ముచ్చటే.

కానీ పర్యాటకంల ఆమ్దానీ మొత్తం రాత్రి ఉండుడు కాడ ఉన్నది. పొద్దున వచ్చి పొద్దుమీకి పోయేటోడు చాయ్ తాగుతడు, ఫోటో దిగుతడు, మహా అంటే ఒక చీర కొంటడు. రాత్రి ఉన్నోడు రెండు పూటలు తింటడు, గది కిరాయి కడ్తడు, తెల్లారి మగ్గం ఎట్ల నేస్తరో కూసొని సూస్తడు, ఆటో మాట్లాడుకుంటడు. పోచంపల్లి పట్నానికి దాదాపు 50 కిలోమీటర్లు. శుభ్రమైన గది, మంచి బాత్రూం, ఇంటి బువ్వ దొరకకపోతె ఎవలైనా చీకటి పడకముందే కారు తిప్పుతరు. అవార్డు ఊరికి వచ్చింది, రాత్రి మాత్రం పట్నానికే పోతున్నది.

కాయిదాల మీద దారి ఉన్నది

ఇది మనతోని కాదు, కోట్లు ఉన్నోళ్ల పని అని అనుకోకుర్రి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంల ఒక్క గది ఉన్నా చాలు, ఆరు గదుల దాక పెట్టుకోవచ్చు. ఇంటోళ్లు గా ఇంట్లనే ఉండాలె, అదే షరతు. 2025–26 కేంద్ర బడ్జెట్‌ల హోమ్‌స్టేలకు ముద్ర లోన్లు ఇస్తమన్నరు. ఆదివాసీ ఊర్లకు 1,000 హోమ్‌స్టేల పథకం ఉన్నది: కొత్త గదులకు 5 లక్షల దాక, ఉన్న ఇల్లు బాగుచేసుకునేతందుకు 3 లక్షల దాక సాయం. చిన్నగ వండి అమ్మెటోళ్లకు పెద్ద లైసెన్స్ అక్కర లేదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చాలు. మన రాష్ట్రంల మహిళా సంఘాలు ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు ఇప్పటికే నడుపుతున్నయ్. కలెక్టరేట్ల వండేటోళ్లు చెరువు కట్ట కాడ వండలేరా?

కేరళ సూడుర్రి. కుమరకోంల రిసార్ట్‌లు వచ్చినంక ఊరోళ్లకు మిగిలిందేంది అని గొడవైంది. 2008 నుంచి కుటుంబశ్రీ ఆడోళ్లు, రైతులు పండించిన కూరగాయలు హోటళ్లు కొనేటట్టు ఏర్పాటు చేసిన్రు. 2017ల దాన్ని రాష్ట్రమంతటికీ బాధ్యతాయుత పర్యాటక మిషన్ అని పెట్టిన్రు. అక్కడ హోటళ్లోళ్ల మనసు ఊకెనే కరగలే. పంచాయతీ, సంఘాలు, సర్కారు కలిసి కూసొని మాట్లాడినంకనే అయింది.

ఎవరి ఇంట్ల బస?

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పది. హోమ్‌స్టే అంటే రెండంతస్తుల ఇల్లు, కారు నిలిపే జాగ ఉండాలంటరు. గా ఇండ్లు ఊర్ల ఎవలకు ఉన్నయో మనకు తెలుసు. మాదిగోళ్ల ఇంట్ల, మాలోళ్ల ఇంట్ల బస అంటే వచ్చే చుట్టం పేరెనక ఇంటిపేరు అడగడని గ్యారంటీ ఏంది? హోటళ్ల కులం పేరుతోని అడ్డుకునుడు తప్పని రాజ్యాంగం 15(2) చెప్తది. కానీ బుకింగ్ క్యాన్సిల్ చేసుకునేటోడు కారణం రాయడు. గందుకే ఒంటరి ఇండ్ల మీద ఆశ పెట్టుకోకుండ, ఊరుమ్మడి అతిథి ఇల్లు కట్టుకునుడు మేలంట నేను. సంఘం పేరు మీద నడవాలె. అన్ని వాడల ఆడోళ్లు వంతులేసుకొని వండాలె. వచ్చినోడు ఊరి చేతి బువ్వ తింటడు, తినని వాడు వేరే జాగ సూసుకుంటడు.

ఆదివాసీ ప్రాంతాలల్ల ఇంకో ప్రమాదం ఉన్నది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారొద్దు. గందుకని ఆదివాసీ పేరు బోర్డు మీద, పెత్తనం ఇంకోడి చేతుల పెట్టుకునే బినామీ దందాకు దారులు ఎతుకుతరు. పొయ్యి కాడ ఆదివాసీ, గల్లా కాడ పట్నపు సేటు అయితె అది హోమ్‌స్టే ఎట్లయితది? గసుంటి ఊర్లల్ల పెసా గ్రామసభ గట్టిగ అడగాలె.

ఇప్పుడే అడగాలె

2025 డిసెంబర్‌ల పంచాయతీ ఎన్నికలైనయ్, కొత్త సర్పంచులు వచ్చిన్రు. మీ ఊరి పొంటి రిసార్ట్ ఉంటే తమ్ముళ్లు, చెల్లెండ్లు, వచ్చే గ్రామసభల నాలుగు సంగతులు అడుగుర్రి. దానికి పంచాయతీ లైసెన్స్ ఉన్నదా, పన్ను ఎంత కడ్తున్నది? ఎన్ని బోర్లు ఏసింది? సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు మన ట్రాక్టర్ ఎత్తుతున్నదా, లేకుంటె వాగుల కలుస్తున్నయా? పాలు, కూరగాయలు, కోళ్లు, చాపలు ఊరి రైతు కాడ, మత్స్య సంఘం కాడ ఎంత కొంటున్నది?

గట్లనే మన దిక్కు నుంచి సుత పని ఉన్నది. బాత్రూం అద్దంలెక్క ఉండాలె. ధరల బోర్డు పెట్టాలె, కారు నంబర్ సూసి రేటు మార్చొద్దు. ఆడపిల్లలు ఒంటరిగ వచ్చినా భయం లేకుండ పండుకునేటట్టు ఉండాలె. రీల్స్ తీసుడు మీకు ఎట్లనూ వచ్చు, రిసార్ట్ స్విమ్మింగ్ పూల్‌ను ఊకె తీసే బదులు మీ అమ్మ సర్వపిండి చేసేటిది తీయుర్రి, కింద సంఘం ఫోన్ నంబర్ పెట్టుర్రి. మొదలు రెండు గదులు, ఒక పొయ్యి చాలు. బ్యాంకుకు పోయేముందు సంఘంల కూసొని ఎవలు వండాలె, ఎవలు లెక్క రాయాలె, మిగిలింది ఎట్ల పంచుకోవాలె అని తీర్మానం రాసుకోర్రి.